ఓటు ఎవరి సొత్తని చీలుతుంది?

‘ఓట్లు చీల్చేవాడు’ అనేది మన రాజకీయ భాషలో పెద్ద తిట్టు. 2009లో ప్రజారాజ్యం 294 స్థానాల్లో 18 గెలిచి ఆగిపోయాక, ఆ పార్టీ జనానికి ఏం చెప్పింది అన్న చర్చ కంటే అది ఎవరి ఓట్లు చీల్చింది అన్న లెక్కే ఎక్కువ నడిచింది. 2022 మునుగోడు ఉపఎన్నికలో రోడ్డు రోలర్ గుర్తు తమ కారు గుర్తులా ఉందనీ, తమ ఓట్లు అటు పోతాయనీ టీఆర్‌ఎస్ గోల పెట్టింది. అమెరికాలో ఇదే తిట్టుకి ‘స్పాయిలర్’ అని పేరు. చెడగొట్టేవాడు అని.

ఈ ‘చీలడం’ అనే క్రియని కాస్త దగ్గర్నుంచి చూడండి. ఏదైనా చీలాలంటే ముందు అది ఒక్కటిగా ఉండాలి, ఎవరికో చెంది ఉండాలి. ఆస్తి చీలుతుంది, పొలం చీలుతుంది. మరి ఓటు? వేసే క్షణం దాకా అది ఓటరుది. ఇంకా వెయ్యని ఓటు ఏ పార్టీ ఖాతాలోనూ లేదు. లేని ఆస్తిలో వాటా ఎవరు కొట్టేశారని ఈ ఏడుపు?

అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో ఎవరి పేరు బ్యాలెట్ మీదికి ఎక్కాలో తేల్చే చట్టాలున్నాయి. నా దృష్టిలో అవి ఈ ఒక్క క్రియాపదాన్ని చట్టంగా రాసుకున్న కాగితాలు. ఓటు మా సొత్తు అని రెండు పార్టీలు ముందే రాసేసుకుని, చుట్టూ కంచె కట్టుకుని, ఆ కంచెకి ‘ఎన్నికల నిర్వహణ’ అని బోర్డు తగిలించాయి.

నాకు ఇక్కడ ఓటు లేదు. హెచ్1బి మీద బతికే సాఫ్ట్‌వేర్ వాణ్ణి. ఈ మాట ఎత్తినప్పుడల్లా సిటిజన్‌షిప్ వచ్చిన మిత్రులు “నీకు ఓటే లేదు, నీకెందుకు బ్రో?” అంటారు. వాళ్ళకి ఓటుంది. కానీ ఆ ఓటు ఎవరికి వెయ్యొచ్చో ముందే వేరేవాళ్ళు తేల్చేశారు. దాని గురించి వాళ్ళకి చీమ కుట్టినట్టైనా లేదు. అదే నా బాధ.

*

ముందు కొంచెం చరిత్ర. పంతొమ్మిదో శతాబ్దంలో చాలాకాలం ఇక్కడ ప్రభుత్వం బ్యాలెట్ అచ్చు వేసేదే కాదు. పార్టీలే తమ అభ్యర్థుల పేర్లతో టికెట్లు అచ్చు వేసి పంచేవి. ఓటరు వాటిల్లో ఒకటి తీసుకెళ్ళి పెట్టెలో వేసేవాడు. అందులో బోలెడు అన్యాయం ఉంది. నువ్వు ఏ రంగు కాగితం పట్టుకున్నావో ఊరంతా చూసేది, నీ యజమానీ చూసేవాడు. కానీ ఒక్కటి లేదు: పోటీ చెయ్యడానికి అనుమతి అడగాల్సిన పని. 1854లో పుట్టిన రిపబ్లికన్ పార్టీ 1860కల్లా లింకన్‌ని గెలిపించుకుంది. ఆ పార్టీకి యాభై చోట్ల క్లిప్‌బోర్డులు పట్టుకుని లక్షల సంతకాలు పోగుచెయ్యాల్సిన ఖర్మ పట్టలేదు.

1888 నుంచి ‘ఆస్ట్రేలియన్ బ్యాలెట్’ వచ్చింది. ప్రభుత్వమే అచ్చు వేస్తుంది, అందరి పేర్లూ ఒకే కాగితం మీద ఉంటాయి, ఓటు రహస్యం. మంచి సంస్కరణ. కానీ ప్రభుత్వం అచ్చు వేస్తుందంటే ఎవరి పేరు వెయ్యాలో ప్రభుత్వమే తేల్చాలి. ప్రభుత్వం అంటే చట్టసభ, చట్టసభ అంటే ఆ రెండు పార్టీలు. ఓటరు రహస్యాన్ని కాపాడటానికి కట్టిన కంచె అది. కంచే చేను మేసింది.

ఇవాళ్టి పరిస్థితి ఏమిటంటే, అధ్యక్షుడు దేశానికి ఒక్కడే, నియమాలు మాత్రం 51 రకాలు. 50 రాష్ట్రాలు, ప్లస్ రాజధాని వాషింగ్టన్. 2024లో ఇండిపెండెంట్‌గా నిలబడాలంటే టెన్నెసీలో 275 సంతకాలు చాలు. టెక్సస్‌లో 1,13,151 కావాలి, అదీ ఆ ఏడాది ప్రైమరీలో ఓటు వెయ్యనివాళ్ళ దగ్గర్నుంచే. టెక్సస్ పెద్ద రాష్ట్రమే, ఒప్పుకుంటాను. కానీ టెన్నెసీకి నాలుగు వందల రెట్లు పెద్దది కాదు కదా. న్యూయార్క్‌లో 15,000 సంతకాలు సరిపోయేవి. 2020లో దాన్ని 45,000 చేశారు. ఆరు వారాల్లో తేవాలి. ఫలితం? 2024లో న్యూయార్క్ బ్యాలెట్ మీద అధ్యక్ష పదవికి అచ్చైన పేర్లు రెండే రెండు. సూపర్‌మార్కెట్‌లో పాలపొడి కూడా పది రకాలు దొరికే రాష్ట్రం అది.

మా భాషలో చెప్పాలంటే, ఇది 51 సర్వర్లకి 51 రకాల ఏపీఐలు రాసి, ఏ ఒక్కదానికీ సరైన డాక్యుమెంటేషన్ ఇవ్వకుండా, నీ కోడ్‌లో తప్పులు వెతికే ఉద్యోగం నీ పోటీ కంపెనీకి అప్పగించడం. ఎందుకంటే సంతకాలు పోగుచెయ్యడంతో కథ అయిపోదు. ఆ సంతకాల మీద కోర్టుకెక్కే హక్కు ప్రత్యర్థికి ఉంది. 2004లో పెన్సిల్వేనియాలో రాల్ఫ్ నాడర్ సంతకాల మీద డెమొక్రాట్లు కోర్టుకెళ్ళి ఆయన పేరు తీయించారు. పైగా కోర్టు ఖర్చుల కింద ఆయన 81,000 డాలర్లకి పైగా కట్టాలని తీర్పు. తర్వాత కొన్నేళ్ళకి, ఆ సంతకాల్లో లొసుగులు వెతికినవాళ్ళలో ప్రజల సొమ్ముతో జీతం తీసుకునే చట్టసభ ఉద్యోగులున్నారని, ఆఫీసు వేళల్లోనే ఆ పని చేశారని గ్రాండ్ జ్యూరీ బయటపెట్టింది. అంటే నాడర్‌కి ఓటు వెయ్యాలనుకున్నవాడి పన్నుతోనే నాడర్ పేరు చెరిపారన్నమాట.

*

“రూల్స్ రూల్సే కదా, పాటించలేనివాడు దేశాన్నేం ఏలతాడు?” అని అడుగుతారు. సరే, రూల్స్ గురించే మాట్లాడదాం.

2012లో లిబర్టేరియన్ అభ్యర్థి గ్యారీ జాన్సన్ మిచిగన్ రిపబ్లికన్ ప్రైమరీ నుంచి తప్పుకుంటూ ఇచ్చిన కాగితం మూడు నిమిషాలు ఆలస్యమైంది. దాంతో నవంబరులో అతని పేరు బ్యాలెట్ మీద లేదు. 2020లో విస్కాన్సిన్‌లో కాన్యే వెస్ట్ మనుషులు సాయంత్రం ఐదు దాటిన కొన్ని క్షణాలకి లోపలికి అడుగుపెట్టారు. పేరు పోయింది. నాకు కాన్యే మీద ఏ ప్రేమా లేదు. గడువంటే గడువే అన్న సూత్రాన్ని మాత్రం గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు 2008 టెక్సస్‌కి రండి. అక్కడ పార్టీలు తమ అభ్యర్థుల్ని ధ్రువీకరించాల్సిన గడువు ఆగస్టు 26. ఆ రోజుకి ఒబామాని డెమొక్రాట్లు ఇంకా అధికారికంగా నామినేట్ చెయ్యలేదు. మెకెయిన్ వంతు సెప్టెంబరులో గానీ రాలేదు. లిబర్టేరియన్ అభ్యర్థి బాబ్ బార్ కోర్టుకెళ్ళి, గడువు తప్పినవాళ్ళ పేర్లు తీసెయ్యమన్నాడు. టెక్సస్ సుప్రీంకోర్టు అతని పిటిషన్ కొట్టేసింది. ఇద్దరి పేర్లూ దర్జాగా అచ్చయ్యాయి. 2024లో ఒహాయోలో గడువు ఆగస్టు 7, డెమొక్రాట్ల మహాసభ ఆగస్టు 19న మొదలు. ఏమైంది? గవర్నరు ప్రత్యేక సమావేశం పిలిచాడు, రిపబ్లికన్లు నిండిన చట్టసభ గడువే మార్చింది. శత్రువుల మధ్య ఎంత సఖ్యత!

నేను ఒహాయో చేసింది తప్పనట్లేదు. కోట్లమంది మద్దతున్న పార్టీ అభ్యర్థి పేరు ఒక తేదీ వల్ల పోకూడదు. నిజమే. అయితే ఆ ఔదార్యం మూడు నిమిషాల ఆలస్యానికి ఎందుకు లేదు? అయినవాళ్ళకి ఆకుల్లో, కానివాళ్ళకి కంచాల్లో అని మనవాళ్ళు ఊరికే అనలేదు.

ఇంకా ఘోరం నెవాడాది. 2024లో గ్రీన్ పార్టీ సంతకాల పత్రం తయారు చేసుకుంటుంటే, సాక్షాత్తూ ఆ రాష్ట్ర ఎన్నికల అధికారుల కార్యాలయమే తప్పు నమూనా పంపింది. అది చిన్న పార్టీలకి సంబంధించింది కాదు, ప్రజాభిప్రాయ సేకరణ పిటిషన్లకి వాడేది. పార్టీవాళ్ళు దాన్నే నమ్మి సంతకాలు పోగుచేశారు. డెమొక్రాట్లు కోర్టుకెళ్ళారు. తప్పు నమూనా ఇచ్చింది ప్రభుత్వమే అయినా సరే, ఫారం తప్పే కాబట్టి పేరు తీసెయ్యాల్సిందే అని రాష్ట్ర సుప్రీంకోర్టు 5-2తో తేల్చింది. దేశ సుప్రీంకోర్టు జోక్యం చేసుకోలేదు. సర్వర్ తప్పు ఫారం చూపించింది, యూజర్ దాన్నే నింపాడు, ఖాతా మూసేశారు. మా ఆఫీసులో ఇలాంటి బగ్ వస్తే యూజర్‌ని తిట్టినవాణ్ణి మీటింగ్‌లోంచి బయటికి పంపుతారు.

జార్జియాలో అదే ఏడాది కోర్నెల్ వెస్ట్, క్లాడియా డెలా క్రూజ్‌ల పేర్లు బ్యాలెట్ మీద అచ్చయిపోయి ఉన్నాయి. వాళ్ళ తరఫు ఎలక్టర్లు ఒక్కొక్కరూ తమ సొంత పేరున విడివిడిగా పత్రాలు వెయ్యలేదు కాబట్టి ఆ ఓట్లు లెక్కపెట్టకూడదని కోర్టు చెప్పింది. పేరుంది, దాని పక్కన గుర్తు పెట్టొచ్చు, కానీ అది లెక్కలోకి రాదు. పోలింగ్ కేంద్రాల్లో ఆ సంగతి నోటీసు అంటించారు. ఇంతకంటే నిజాయితీగా ఈ వ్యవస్థ తన గురించి తాను ఎప్పుడూ చెప్పుకోలేదనుకుంటా.

ఇంత చేసి డెమొక్రాట్లు సాధించిందేమిటి? నెవాడా ట్రంప్ గెలిచాడు. జార్జియా కూడా ట్రంపే గెలిచాడు.

*

ఇక ‘స్పాయిలర్’ వాదానికి మూలస్తంభం, 2000 ఫ్లోరిడా. బుష్ మెజారిటీ 537. నాడర్‌కి పడినవి 97,488. కాబట్టి ఇరాక్ యుద్ధం నాడర్ చేతి మీదుగానే జరిగిందని ఇప్పటికీ అనేవాళ్ళున్నారు. కూడికలు తీసివేతలు వచ్చు కాబట్టి నేనూ ఒక లెక్క చెబుతాను. ఫ్లోరిడా బ్యాలెట్ మీద ఆ ఏడాది పది మంది ఉన్నారు. బుష్, గోర్ కాక మిగిలిన ఎనిమిది మందిలో అందరికంటే తక్కువ వచ్చిన సోషలిస్ట్ వర్కర్స్ పార్టీ జేమ్స్ హ్యారిస్‌కి 562 ఓట్లు. అంటే ఎనిమిది మందిలో ప్రతి ఒక్కరికీ 537 కంటే ఎక్కువే వచ్చాయి. మరి ఎనిమిది మందీ నేరస్థులేనా? సొంత రాష్ట్రం టెన్నెసీలో గోర్ ఓడిపోయాడు. అక్కడ గెలిచి ఉంటే ఫ్లోరిడాతో పనే లేదు. ఆ నేరం ఎవరి ఖాతాలో వేద్దాం?

ఆ 97,488 మంది నాడర్ లేకపోతే బుద్ధిగా గోర్‌కే వేసేవాళ్ళని ఎలా తెలుసు? కొందరు బుష్‌కి వేసేవాళ్ళు. చాలామంది ఇంట్లో కూర్చునేవాళ్ళు. వాళ్ళూ మనుషులే, వాళ్ళకీ ఒక అభిప్రాయం ఉంది అని ఒప్పుకోవడం కష్టమైనప్పుడే ‘చీలిన ఓటు’ అన్న మాట అక్కరకొస్తుంది.

*

అవతలి వాదనలో బలం లేదని నేననను. మూడిటికి జవాబు చెప్పాలి.

మొదటిది: వచ్చేవాళ్ళంతా తిక్క మనుషులు. కొంతవరకు నిజం. 2024లో రాబర్ట్ కెనెడీ జూనియర్‌నే తీసుకోండి. బ్యాలెట్ ఎక్కడం కోసం ఊరూరా కోర్టుల చుట్టూ తిరిగాడు. ఆగస్టులో ట్రంప్‌కి మద్దతిచ్చి పక్కకి తప్పుకున్నాక మిచిగన్, విస్కాన్సిన్‌లలో తన పేరు తీసెయ్యమనీ, న్యూయార్క్‌లో మాత్రం పెట్టమనీ ఒకేసారి అడిగాడు. నార్త్ కరోలినాలో ఆయన పేరు తియ్యడానికి బ్యాలెట్లు మళ్ళీ అచ్చు వేస్తే పోస్టల్ ఓటింగ్ రెండు వారాలు ఆలస్యమైంది. అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు. ఆయన టీకాల మీద మాట్లాడే మాటలు వింటే నాకు చిర్రెత్తుకొస్తుంది. అయినా సరే. 1968లో ఒహాయో కొత్త పార్టీల్ని 4,33,100 సంతకాలు తెమ్మంది. ఆ చట్టాన్ని సుప్రీంకోర్టులో కొట్టేయించింది ఎవరు? జాతి వివక్షకి కొమ్ముకాసిన జార్జ్ వాలెస్ పార్టీ. వాలెస్ నీచుడే. కానీ ఆ కేసులో పక్కనే సోషలిస్ట్ లేబర్ పార్టీ కూడా ఉంది. నచ్చనివాడికి మూసిన తలుపు నచ్చినవాడికీ మూసే ఉంటుంది. అభ్యర్థి తిక్కవాడో కాదో తేల్చడం ఓటరు పని. గుమాస్తాది కాదు, ప్రత్యర్థి లాయరుది అసలే కాదు.

రెండోది: వీళ్ళ వెనక అవతలి పార్టీ డబ్బు ఉంటుంది. ఇదీ నిజమే. 2020లో కాన్యేకి రిపబ్లికన్ మనుషులు సాయం చేశారు. నెవాడా గ్రీన్ పార్టీ తరఫున సుప్రీంకోర్టులో నిలబడ్డ లాయరు ఒకప్పుడు ట్రంప్ లాయరు. సరే, ఎవరు ఎవరికి డబ్బిచ్చారో, ఎవరి లాయరు ఎవరో అన్నీ పెద్ద అక్షరాలతో బయటపెట్టండి. ఓటరు చదువుకుంటాడు. పేరు చెరపడం దానికి మందు కాదు. డబ్బున్నవాడు నిలబెట్టాడని పేరు తీసెయ్యాలంటే ముందు ఆ రెండు పెద్ద పేర్లే తియ్యాలి.

మూడోది: పేర్లు ఎక్కువైతే ఓటరు తికమక పడతాడు. ఫ్లోరిడాలో పది పేర్లు రెండు పేజీల్లో సర్దబోయి ‘సీతాకోకచిలుక బ్యాలెట్’తో పామ్‌బీచ్ కౌంటీలో గందరగోళం చేసిన మాట వాస్తవం. అయితే అది డిజైన్ తప్పు. ఈ వాదన తెలుగువాడి ముందు పెట్టకండి. 1996లో నల్లగొండ లోక్‌సభ స్థానానికి 480 మంది నిలబడ్డారు. ఫ్లోరైడ్ నీళ్ళతో ఎముకలు వంగిపోయిన జిల్లా తన గోడు ఢిల్లీకి వినబడాలని వేసిన నామినేషన్లవి. బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయింది. 2019లో నిజామాబాద్‌లో 185 మంది. అందులో 170 మందికి పైగా పసుపు, ఎర్రజొన్న పండించే రైతులు. ఎన్నికల సంఘం చేతులెత్తెయ్యలేదు. కొత్తరకం యంత్రాలు తెప్పించి, ఒక్కో బూత్‌లో పన్నెండేసి బ్యాలెట్ యూనిట్లు వరసగా పేర్చి, ఎన్నిక జరిపించింది. జనం తమకి కావలసిన పేరు వెతుక్కుని మరీ నొక్కారు. నిజామాబాద్ కేంద్రంగా పసుపు బోర్డు 2025లో మొదలైంది. ఆ రైతుల్లో ఒక్కరూ గెలవలేదు. ఓట్లు చీల్చారని అనండి, ‘స్పాయిలర్లు’ అనండి. బోర్డు మాట దేశం మొత్తానికి వినిపించింది మాత్రం వాళ్ళే.

మనమేదో ఆదర్శమని కాదు. నల్లగొండ చూసి ఉలిక్కిపడి అదే ఏడాది లోక్‌సభ డిపాజిట్ 500 నుంచి 10,000కి పెంచారు. ఇప్పుడది 25,000. అదీ పేదవాడికి గోడే. అయినా మన దగ్గర ఇండిపెండెంట్‌కి ప్రతిపాదకులు పది మంది చాలు. నామినేషన్ వేసే రైతుని ఎవరూ లక్ష సంతకాలు తెమ్మనరు.

*

మూడో పార్టీలు గెలవవు, మరెందుకు అంటారా? 1892లో పాపులిస్ట్ పార్టీ అనే రైతుల పార్టీ ఆదాయపు పన్ను కావాలంది, సెనెటర్లని నేరుగా జనమే ఎన్నుకోవాలంది. వాళ్ళ అభ్యర్థి జేమ్స్ వీవర్‌కి 22 ఎలక్టోరల్ ఓట్లొచ్చాయి, ఓడిపోయాడు. 1913కల్లా ఆ రెండు కోరికలూ రాజ్యాంగ సవరణలయ్యాయి. యూజీన్ డెబ్స్ 1920లో జైల్లోంచి పోటీ చేస్తే తొమ్మిది లక్షల మందికి పైగా ఓటేశారు. 1992లో రాస్ పెరో 50 రాష్ట్రాల్లో బ్యాలెట్ ఎక్కి, టీవీ చర్చల్లో కూర్చుని, దాదాపు 19 శాతం తెచ్చుకున్నాడు. ఎలక్టోరల్ ఓట్లు సున్నా, కానీ బడ్జెట్ లోటు గురించి మాట్లాడకుండా ఎవరూ తప్పించుకోలేకపోయారు. ఆ తర్వాత ఏం చేశారు? 2000 నుంచి, సర్వేల్లో 15 శాతం ఉంటేనే చర్చలోకి రానిస్తామన్నారు. చర్చలోకి వస్తే కదా ఆ 15 శాతం వచ్చేది! 2024లో సీఎన్ఎన్ ఇంకో మెలిక పెట్టింది: 270 ఎలక్టోరల్ ఓట్లకి సరిపడా రాష్ట్రాల్లో బ్యాలెట్ మీద ఉండాలి. ఒక తలుపుకి ఇంకో తలుపు తాళం.

ఓట్లు చీలుతాయన్న భయం నిజంగా నిజాయితీ ఐనదైతే దానికి మందుంది. లెక్కపెట్టే పద్ధతి మార్చండి. మెయిన్‌లో 2020 నుంచి, అలాస్కాలో 2024లో అధ్యక్ష ఎన్నికకి కూడా ప్రాధాన్య క్రమంలో ఓటేసే పద్ధతి ఉంది. నా మొదటి ఎంపిక ఓడిపోతే నా ఓటు రెండో ఎంపికకి వెళుతుంది. చీలడం అన్న సమస్యే చాలావరకు పోతుంది. అధ్యక్ష పదవికి కాకపోయినా మిగతా పదవులకి ఈ పద్ధతి తెద్దామని నెవాడాలో ఓటింగ్ పెడితే, రెండు పార్టీల నాయకత్వాలూ కలిసి వ్యతిరేకించాయి. 2024లో అది ఓడిపోయింది. గ్రీన్ పార్టీ ఓట్లు చీలుస్తుందని కోర్టుకెక్కిన రాష్ట్రమే, అదే ఏడాది! జబ్బు గురించి ఏడ్చేవాడు మందు పారబోస్తుంటే, వాడికి జబ్బుతోనే లాభం ఉందని అర్థం.

కాబట్టి నవంబరుల్లో ఓటుండే మిత్రులకి ఒక్క మాట. మూడో పార్టీకి ఓటెయ్యమని నేను అడగట్లేదు. మీకు నచ్చిన పెద్ద పార్టీకే వేసుకోండి. కానీ ఆ పార్టీ మీ పేరు చెప్పి, మీ చందాలతో, పక్కవాడి పేరు చెరిపించడానికి లాయర్లని పంపినప్పుడు “మా ఓటు చీలకూడదు కదా” అని తలూపకండి. మీ ఓటు మీది. పక్కవాడి ఓటు పక్కవాడిది. మీ పార్టీకి అది కావాలంటే వెళ్ళి అడుక్కోవాలి. అడగడం నామోషీ అనుకునే పార్టీకి మీ ఓటు మీదా హక్కు లేదు.